రింగో అదృష్టవంతుడట!

బీటిల్స్ గురించి ఎక్కడ మాటొచ్చినా, చివర్లో ఒకాయన గొంతు సవరించుకుని ఈ ముక్క అంటాడు: "జాన్ లెనన్ మేధావి, పాల్ మెకార్ట్నీ బాణీల పుట్ట, జార్జ్ హారిసన్ మౌనముని. రింగోదేముంది, ఒట్టి అదృష్టం. సరైన స్టేషన్లో సరైన రైలెక్కాడు." అక్కడున్నవాళ్ళంతా తలలూపుతారు. ఆఫీసు కాంటీన్లో గిటారు కబుర్లు చెప్పే కుర్రాళ్ళ దగ్గర్నుంచి, పాత ఎల్పీ రికార్డులు బీరువాలో దాచుకున్న పెద్దమనుషుల దాకా అందరిదీ ఇదే మాట. మనవాళ్ళు ఇంత ఏకగ్రీవంగా ఒప్పుకున్న విషయం ఇంకోటి నేను చూళ్ళేదు.

నాకీ మాట వింటే ఒళ్ళు మండుతుంది. రింగో స్టార్ మీద అభిమానం ఒక్కటే కాదు కారణం. ఆ మాట వెనకాల ఒక లెక్క ఉంది. పాట రాసినవాడిది ప్రతిభ. పాడినవాడిది ప్రతిభ. వెనక కూర్చుని ఆ పాట కూలిపోకుండా పట్టుకున్నవాడిది మాత్రం అదృష్టం. ఈ లెక్క ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో ఎవరూ అడగరు. అడుగుదాం.

ముందు ఆ అదృష్టం సంగతి చూద్దాం. రింగో అసలు పేరు రిచర్డ్ స్టార్కీ. 1940 జులై 7న లివర్‌పూల్లో డింగిల్ అనే బీద పేటలో పుట్టాడు. ఊహ తెలిసేసరికి తండ్రి ఇల్లొదిలి వెళ్ళిపోయాడు. తల్లి దొరికిన పనల్లా చేసి పెంచింది. ఏడో పుట్టినరోజుకి అటూఇటూగా అపెండిక్స్ పగిలి, పొట్టంతా చీముపట్టి, కొన్నాళ్ళు స్పృహ లేకుండా పడున్నాడు. దాదాపు ఏడాది ఆస్పత్రిలోనే. లేచి, కోలుకుని, బళ్ళో వెనకబడ్డ చదువు అందుకుంటున్నాడనగా 13వ ఏట క్షయ. ఈసారి శానిటోరియంలో రెండేళ్ళు. ఇహ బడి ముఖం చూడలేదు. ఇలాంటి అదృష్టం పగవాడిక్కూడా వద్దు.

ఆ శానిటోరియంలోనే పిల్లలకి పొద్దుపోవడానికి వాయిద్యాలు పట్టుకొచ్చేవారట. ఈ కుర్రాడు డ్రమ్ము తప్ప ఇంకేదీ ముట్టుకోనన్నాడు. డ్రమ్ము లేని రోజున మంచం పక్కనున్న అలమరా మీద దరువేసేవాడు. 1957 క్రిస్మస్‌కి సవతి తండ్రి పాత డ్రమ్ సెట్ ఒకటి కొనిపెట్టాడు. సవతి తండ్రులంటే మన సినిమాల్లో విలన్లు గానీ, ఈయన మాత్రం దేవుడు. రింగో అప్పటికి ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిసు. మరో రెండున్నరేళ్ళకి, అంటే 1960 వేసవిలో, ఆ ఉద్యోగం వదిలేసి, ఇంట్లోవాళ్ళు వద్దంటున్నా వినకుండా, బట్లిన్స్ అనే సెలవుల క్యాంపులో వాయించడానికి వెళ్ళిపోయాడు. ఖాయమైన ఉద్యోగం మానేసి డ్రమ్ములు వాయిస్తానని బయల్దేరిన కుర్రాణ్ణి మన ఇళ్ళలో ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. అదృష్టవంతుడని మాత్రం అనరు.

ఇప్పుడు ఆ రైలెక్కిన కథకి వద్దాం. 1962 ఆగస్టు 16న బీటిల్స్ తమ డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ని తీసేశారు. 18న రింగో చేరాడు. రికార్డింగ్ కంపెనీ అప్పటికే దొరికింది కాబట్టి, వండిన అన్నం ముందు వచ్చి కూర్చున్నాడని ఆరోపణ.

నిజానికి రింగో అప్పటికే లివర్‌పూల్లో పేరున్నవాడు. రోరీ స్టార్మ్ అండ్ ది హరికేన్స్ అనే బ్యాండులో వాయించేవాడు. 1960లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఈ రెండు బ్యాండులూ ఒకే క్లబ్బులో వాయించినప్పుడు పోస్టర్ మీద రోరీ పేరు పైన, బీటిల్స్ పేరు కింద. హరికేన్స్ కచేరీలో రింగోకి "స్టార్ టైమ్" అని విడిగా ఒక వాటా ఉండేది. 1960 అక్టోబర్ 15న హాంబర్గ్‌లోని ఒక చిన్న స్టూడియోలో హరికేన్స్ గాయకుడొకడు పాట రికార్డు చేసుకుంటుంటే జాన్, పాల్, జార్జ్ వాయించారు. డ్రమ్స్ మీద రింగో. అంటే బీటిల్స్‌లో చేరడానికి దాదాపు రెండేళ్ళ ముందే ఆ నలుగురూ కలిసి రికార్డు చేశారు. ఆ తరవాత కూడా పీట్ బెస్ట్ రాని రోజున రింగోనే పిలిచేవారు. 1962 ఆగస్టులో అతను స్కెగ్‌నెస్‌లో క్యాంపు కచేరీలు చేసుకుంటుంటే అక్కణ్ణుంచి రప్పించుకున్నారు. మన భాషలో చెప్పాలంటే రెండేళ్ళ పాటు కాంట్రాక్టు మీద పని చూసి, పర్మనెంటు చేశారు. దీన్ని లాటరీ అంటారా?

అదృష్టం అసలు లేదని నేనట్లేదు. ఉంది. 1957 జులై 6న వూల్టన్‌లో ఒక చర్చి తిరనాళ్ళకి పాల్ వెళ్ళకపోయుంటే జాన్‌ని కలిసేవాడే కాదు. పాల్ చదివే బళ్ళోనే చదువుకోకపోయుంటే జార్జ్ ఎవరో జాన్‌కి తెలిసేది కాదు. మరి పాల్‌ని ఎవరూ అదృష్టవంతుడనరే? అందరికీ ఉన్న అదృష్టాన్ని ఒక్కడి ఖాతాలో రాసి, వాడి పనిని మాత్రం కొట్టేస్తే దాన్ని పక్షపాతం అంటారు.

రెండో ఆరోపణ 'లవ్ మీ డూ' సంగతి. ఇది నిజమే. 1962 సెప్టెంబర్ 4న రింగోతో రికార్డు చేశారు. వారం తిరక్కుండా, 11న, ఆండీ వైట్ అనే స్టూడియో డ్రమ్మర్‌ని కూర్చోబెట్టి రింగో చేతికి టాంబరీన్ ఇచ్చారు. చేరిన నెలకి ఇంతకన్నా అవమానం ఉండదు. అయితే కథని అక్కడే ఆపేస్తారు మనవాళ్ళు. తరవాత జరిగింది చెప్పరు. నవంబర్ 26న రెండో రికార్డు 'ప్లీజ్ ప్లీజ్ మీ'కి వాయించింది రింగో. 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేశారు, వాటికీ రింగోనే. ఆ రోజుల్లో ఇప్పట్లాగా కంప్యూటర్లో తాళం సరిదిద్దే సౌకర్యం లేదు. డ్రమ్మర్ తప్పితే అందరూ మళ్ళీ మొదటికి రావాలి. బీటిల్స్ రికార్డింగుల టేపులన్నీ కూర్చుని విన్న చరిత్రకారుడు మార్క్ లూయిసన్, దాదాపు ఎనిమిదేళ్ళ స్టూడియో జీవితంలో రింగో తప్పు వల్ల టేకు ఆగిపోయిన సందర్భాలు డజను కూడా లేవని లెక్క తేల్చాడు. డజను! నేను ఒక్క పూటలో రాసే కోడ్‌లో కంపైలర్ అంతకన్నా ఎక్కువ తప్పులు పట్టుకుంటుంది. :-)

ఇహ మూడోది, అన్నిటికన్నా పాపులర్ అయినది. రింగో ప్రపంచంలో గొప్ప డ్రమ్మరేనా అనడిగితే, బీటిల్స్‌లోనే గొప్ప డ్రమ్మర్ కాదని జాన్ లెనన్ జోకేశాడట. ఈ జోకు ఎన్ని పుస్తకాల్లో, ఎన్ని పత్రికల్లో ఎక్కిందో లెక్కలేదు. లెనన్ ఆ మాట ఎక్కడా అన్నట్టు లేదు. అది 1981లో బీబీసీ రేడియోలో వచ్చిన 'రేడియో యాక్టివ్' అనే హాస్య కార్యక్రమంలోది. 1983లో జాస్పర్ క్యారట్ అనే హాస్యనటుడు టీవీలో మళ్ళీ వాడాడు. లెనన్‌ని కాల్చి చంపింది 1980 డిసెంబర్ 8న. చచ్చిపోయినవాడి నోట్లో పెట్టిన జోకన్నమాట. అదే లెనన్ 1980లో ప్లేబోయ్ ఇంటర్వ్యూలో నిజంగా అన్నదేమిటంటే: రింగో సాంకేతికంగా గొప్పవాడు కాకపోవచ్చు గానీ ఎప్పుడూ మంచి డ్రమ్మరే, పాల్ బేస్ వాయింపుని తక్కువ చేసి చూస్తున్నట్టే రింగో డ్రమ్మింగునీ తక్కువ చేసి చూస్తున్నారు అని. ఈ మాట ఎవరూ వల్లించరు. జోకు కాదుగా మరి.

సరే, ఇప్పుడు అసలు పని గురించి. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే "అదృష్టం" అనేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడిదాకా రారు.

రింగోది పుర్రచెయ్యి. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ అది మంచిది కాదని కుడిచేత్తో రాయడం అలవాటు చేయించిందట. (నాయనమ్మలు లివర్‌పూల్లోనూ మన గోదావరి జిల్లాల్లోనూ ఒక్కలాగే ఉంటారు.) రాయడం మారింది గానీ వాయించే చెయ్యి మారలేదు. కూర్చునేది మాత్రం కుడిచేతివాళ్ళకి అమర్చిన డ్రమ్ సెట్ మీద. ఇందులో తేడా ఏమిటంటే, కుడిచేతివాళ్ళు ఎదురుగా ఉన్న స్నేర్ డ్రమ్ దగ్గర కుడిచేత్తో మొదలెట్టి, పక్కనున్న టామ్‌ల మీదుగా గబగబా కుడివైపుకి దిగిపోతారు. పాటలో ఒక వరస అయి ఇంకో వరస మొదలయ్యేముందు దడదడమని వచ్చే ఆ ముక్కని ఫిల్ అంటారు. రింగో ఎడమచేత్తో మొదలెట్టాలి. అటు వెళ్ళాలంటే చేతులు ఒకదానికొకటి అడ్డం. అంచేత అతని ఫిల్ ఒక్క క్షణం ఆగి, కొంచెం వెనకబడి, మనం ఊహించని చోట దిగుతుంది. 1969లో వచ్చిన 'కమ్ టుగెదర్' మొదట్లో టామ్‌ల మీద దొర్లుతున్నట్టు వచ్చే ఆ దరువు వినండి. పైగా డ్రమ్ముల మీద గిన్నెలు తుడుచుకునే గుడ్డలు కప్పి వాయించాడు, మోత చచ్చి బొద్దుగా వినపడాలని. స్టూడియోలో ఎన్ని ఖరీదైన మైకులున్నా వంటింటి గుడ్డ చేసే పని వంటింటి గుడ్డదే.

1967లో వచ్చిన 'ఎ డే ఇన్ ది లైఫ్' ఇంకో రకం. అందులో డ్రమ్స్ తాళం వేసి ఊరుకోవు. లెనన్ ఒక మాట పాడి ఆగితే ఆ ఖాళీలో టామ్‌లు జవాబు చెప్తాయి. గాయకుడు ఊపిరి తీసుకునే చోటు తెలిసినవాడు వాయించిన వాయింపు అది. మన కచేరీల్లో మంచి మృదంగం విద్వాంసుణ్ణి "పాటకి వాయించాడండీ" అని మెచ్చుకుంటారు చూడండి, అచ్చంగా అదే. అన్నట్టు, మన దగ్గర కనీసం తని ఆవర్తనం అని మృదంగానికి విడిగా కొంత సమయం ఇస్తారు, సగం మంది కాఫీకి లేచిపోతారనుకోండి, అది వేరే సంగతి. రింగో అదీ వద్దన్నాడు. డ్రమ్ సోలోలంటే అతనికి గిట్టదు. బీటిల్స్ రికార్డులన్నిట్లో అతను చేసిన సోలో ఒక్కటే, 1969లో 'ది ఎండ్'లో, అదీ మిగతావాళ్ళు బతిమాలితే, పట్టుమని పావు నిమిషం.

ఆ రోజుల్లోనే జింజర్ బేకర్, కీత్ మూన్, జాన్ బోనమ్ లాంటి వీరులున్నారు. వాళ్ళ వేగం, బలం రింగోకి లేవు. ఒప్పుకోవడానికి నాకేం ఇబ్బంది లేదు. బోనమ్ వాయిస్తుంటే గోడలు అదురుతాయి. అయితే బీటిల్స్ పాటలకి బోనమ్‌ని పెట్టి చూడండి. పాట కనపడదు, బోనమ్ కనపడతాడు. పది వేల లైన్ల కోడ్ రాసిన ప్రతివాణ్ణీ గొప్పవాడనుకునే కాలం ఒకటి మా వృత్తిలో కూడా నడిచింది. పది వేలని రెండు వేలు చేసినవాడు గొప్పవాడని తెలియడానికి చాలా ప్రాజెక్టులు మునిగిపోవాల్సొచ్చింది.

ఏవండోయ్, అసలు ఈ చర్చకి తీర్పు చెప్పడానికి మనమెవరం? రింగోతో పని చేసినవాళ్ళని అడగాలి. అదృష్టం కొద్దీ వాళ్ళ జవాబు మాటల్లో కాక చేతల్లో రికార్డయి ఉంది.

1968 ఆగస్టు 22న, వైట్ ఆల్బం రికార్డింగు మధ్యలో, రింగో బ్యాండు వదిలి వెళ్ళిపోయాడు. తను సరిగ్గా వాయించట్లేదని, మిగతా ముగ్గురూ ఒకటిగా ఉండి తనని బయటివాణ్ణి చేశారని అతని బాధ. వెళ్ళిపోయేముందు ఆ మాటే జాన్‌కి చెప్తే, "మీ ముగ్గురే ఒకటి, బయటివాణ్ణి నేననుకుంటున్నానే" అన్నాడట జాన్. పాల్ దగ్గరికెళ్తే పాల్ కూడా అదే అన్నాడట. జార్జ్ దగ్గరికి వెళ్ళే ఓపిక లేక పెళ్ళాం పిల్లల్తో సార్డీనియా దీవికి పోయాడు. (అక్కడ పడవ కెప్టెన్ ఆక్టోపస్‌లు సముద్రం అడుగున రాళ్ళేరి తోటలు కట్టుకుంటాయని చెప్తే, దాని మీదే ఒక పాట రాసుకొచ్చాడు.) ఈలోగా స్టూడియోలో రెండు పాటలకి డ్రమ్స్ పాలే వాయించుకోవాల్సొచ్చింది. పాల్ మంచి సంగీతకారుడే, డ్రమ్స్ కూడా బాగానే వాయిస్తాడు. "ఎవరైనా వాయించొచ్చు" అనే సిద్ధాంతం నిజమైతే ఇక్కడితో ఆ కథ అయిపోవాలి. అవలేదు. ప్రపంచంలోనే గొప్ప రాక్ డ్రమ్మర్‌వి నువ్వే, ఇంటికి రా, అని టెలిగ్రాం కొట్టారు. సెప్టెంబర్ మొదట్లో రింగో తిరిగొచ్చేసరికి అతని డ్రమ్ సెట్ నిండా పూలు. జార్జ్ అలంకరింపించాడు.

మన కంపెనీల్లో రాజీనామా ఇచ్చి రెండు వారాల తరవాత వెనక్కొచ్చినవాడి సీటు కూడా మిగలదు.

ఇంకో సాక్ష్యం. 1970లో బీటిల్స్ విడిపోయారు. ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోని పరిస్థితి, కోర్టు కేసులు. లెనన్ తన మొదటి సొంత ఆల్బం చేసుకుంటున్నాడు. చేతిలో డబ్బుంది, పిలిస్తే రాని డ్రమ్మర్ లేడు. ఎవర్ని పిలిచాడు? రింగోని. అదే ఏడాది జార్జ్ తన మూడు రికార్డుల ఆల్బం 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' చేసుకుంటూ పిలిచిన డ్రమ్మర్లలోనూ రింగో ఉన్నాడు. పాల్ కూడా తరవాత్తరవాత పిలిచాడు. ఒకరంటే ఒకరికి పడని ముగ్గురు పాత సహోద్యోగులు విడివిడిగా మళ్ళీ అదే మనిషిని పన్లోకి పిలిచారంటే, ఏ హెచ్ఆర్ వాడికీ ఇంతకన్నా మంచి రిఫరెన్సు దొరకదు.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. "అదృష్టం" అనే మాట ఎవరికి లాభమో తెలియాలంటే ఇక్కడికి రావాల్సిందే.

పాట ఎవరిది? చట్టం దృష్టిలో బాణీ కట్టినవాడిది, మాటలు రాసినవాడిది. డ్రమ్మర్ వాయించినదానికి రికార్డు అమ్మకాల్లో వాటా రావచ్చు గానీ, "ఈ పాట నాది" అనే హక్కు రాదు. 'ఎ హార్డ్ డేస్ నైట్' అనే మాట రింగో నోరు జారితే పుట్టింది. 'టుమారో నెవర్ నోస్' అన్న మాటా అతనిదే. రెండూ పాటల పేర్లయ్యాయి, ఒకటైతే 1964లో సినిమా పేరు కూడా అయింది. ఆ రెండు పాటల కింద లెనన్-మెకార్ట్నీ అనే ఉంటుంది. 1965లో వాళ్ళ పాటల హక్కులున్న నార్తర్న్ సాంగ్స్ కంపెనీని షేర్ మార్కెట్లో పెట్టినప్పుడు జాన్‌కి 15 శాతం, పాల్‌కి 15 శాతం. జార్జ్, రింగో ఇద్దరికీ కలిపి 1.6 శాతం. ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెప్తున్నా, రికార్డుల మీద వచ్చే రాయల్టీని మాత్రం నలుగురూ సమానంగా పంచుకునేవారు. ఆ మేరకు బీటిల్స్ పెద్దమనుషులే. అందరూ అలా లేరు.

ది స్మిత్స్ అనే ఇంగ్లీషు బ్యాండు సంగతి చూడండి. 1980ల్లో వాళ్ళు అక్కడి కుర్రకారుకి దేవుళ్ళు. పాటలు రాసేది మొరిసీ, జానీ మార్. వాళ్ళిద్దరూ కచేరీల మీద, రికార్డుల మీద వచ్చేదాంట్లో చెరో 40 శాతం తీసుకుని, డ్రమ్మర్ మైక్ జాయిస్‌కీ, బేస్ గిటారిస్టు ఆండీ రూర్క్‌కీ చెరో 10 విదిల్చారు. జాయిస్ అడిగింది పాటల రచన మీద వాటా కాదని గమనించండి. తను వాయించినదానికి తన పాలు మాత్రమే. కోర్టుకెక్కితే 1996లో లండన్ హైకోర్టు నాలుగో వంతు ఇమ్మంది. మొరిసీ అప్పీలుకి వెళ్ళి 1998లో అక్కడా ఓడిపోయాడు.

అమెరికాలో ఆర్.ఇ.ఎం. అనే బ్యాండు మొదట్నుంచీ పాటలన్నీ నలుగురి పేరునా వేసుకుంది. ఎవరు ఏం రాశారని లెక్కలు లేవు. అందులో డ్రమ్మర్ బిల్ బెర్రీ. వాళ్ళ పాటల్లో బాగా పేరొచ్చిన వాటిలో ఒకటి, 1992 నాటి 'ఎవ్రీబడీ హర్ట్స్', చాలామటుకు ఆ డ్రమ్మర్ కట్టిందే. తమాషా ఏమిటంటే ఆ పాటలో తాళం వేసేది డ్రమ్ మెషీను! డ్రమ్మర్‌ని మనిషిగా, సంగీతకారుడిగా చూసిన చోట అతను పాటలు కడతాడు, అవసరమైతే తన డ్రమ్స్ తనే పక్కన పెడతాడు.

ఇంకో చివర గ్రెగరీ కోల్మన్. ఇతనిది రాక్ కాదు, సోల్ బ్యాండు, ది విన్‌స్టన్స్. 1969లో ఒక రికార్డు వెనకవైపు నింపడానికి చేసిన 'ఏమెన్, బ్రదర్' అనే పాట మధ్యలో నాలుగు బార్లు, ఓ ఏడు సెకన్లు, ఒక్కడే డ్రమ్స్ వాయించాడు. తరవాత హిప్‌హాప్ వాళ్ళు, ఇంగ్లండులో డాన్స్ సంగీతం వాళ్ళు ఆ ఏడు సెకన్లు కోసుకుని వేల రికార్డుల్లో వాడుకున్నారు. మేం కోడ్ కాపీ కొట్టినట్టన్నమాట, కాకపోతే మేం కనీసం పైన ఎవడు రాశాడో ఒక లైను ఉంచుతాం. జంగిల్ అనే ఒక సంగీత ప్రక్రియ మొత్తం ఆ ఏడు సెకన్ల మీదే నిలబడింది. కోల్మన్‌కి చిల్లిగవ్వ రాలేదు. 2006లో అట్లాంటాలో ఇల్లు లేని స్థితిలో చనిపోయాడని అతని బ్యాండు నాయకుడు రిచర్డ్ స్పెన్సర్ చెప్పాడు. 2015లో అభిమానులు చందాలేసుకుని 24,000 పౌండ్లు పోగుచేసి స్పెన్సర్‌కి ఇచ్చారు. డ్రమ్స్ వాయించినవాడు అప్పటికి లేడు. ఇతని విషయంలో ఎవరైనా వచ్చి "దురదృష్టం" అంటే వాళ్ళతోనూ దెబ్బలాడతాను. అది దురదృష్టం కాదు. పాటంటే బాణీ, మాటలు అంతే, మిగతాదంతా కూలి అని రాసుకున్న చట్టం.

ఒకప్పుడు నేను పని చేసిన కంపెనీలో ఒకాయన ఉండేవారు. బిల్డులు, రిలీజులు, అర్ధరాత్రి సర్వర్లు పడిపోతే లేపడం, ఇవీ ఆయన పనులు. ఆయనున్న మూడేళ్ళలో మా రిలీజు ఒక్కటి కూడా వాయిదా పడలేదు. అప్రైజల్లో మాత్రం ఏటా "విజిబిలిటీ లేదు" అని రాసేవారు. మా మేనేజరు ఒకసారి నాతో, "ఆయనకి మంచి టీం దొరికింది, అదృష్టవంతుడు" అన్నాడు. సరిగ్గా ఇదే మాట! ఆయన మానేశాక కంపెనీ కూలిపోలేదు, నీతికథల్లోలాగా అలా ఏం జరగదు. ఆయన ఒక్కడి పనికి ముగ్గుర్ని పెట్టుకున్నారు, అంతే. ఆ ముగ్గురి జీతాలూ కలిపి ఎంతో కట్టుకున్నవాళ్ళకి, ఆయన జీతం పెంచాలంటే మాత్రం బడ్జెట్ ఉండేది కాదు.

డ్రమ్మర్ విలువ నిజంగా తెలిసిన బ్యాండు ఏం చేస్తుందో చూడాలంటే 1980కి వెళ్ళండి. సెప్టెంబర్ 25న జాన్ బోనమ్ చనిపోయాడు. లెడ్ జెపెలిన్ అప్పట్లో లోకంలోని అతి పెద్ద బ్యాండుల్లో ఒకటి. ఇంకో డ్రమ్మర్‌ని పెట్టుకుంటే టిక్కెట్లు అమ్ముడుపోయేవి, ఎవరూ కాదనేవారు కాదు. డిసెంబర్లో మిగతా ముగ్గురూ ఒక చిన్న ప్రకటన ఇచ్చి దుకాణం మూసేశారు.

రింగో తరవాతి కథ క్లుప్తంగా. 1973, 74ల్లో అతని సొంత పాటలు రెండు అమెరికాలో మొదటి స్థానానికెళ్ళాయి. ఆ తరవాత తాగుడు, చాలా ఏళ్ళు వృథా. 1988లో భార్యాభర్తలిద్దరూ చికిత్సకి వెళ్ళి మానేశారు. 1989 నుంచి ఆల్-స్టార్ బ్యాండ్ అని పెట్టుకుని ఊరూరా తిరిగాడు. 2018లో సర్ అయ్యాడు. 2025 జనవరిలో కంట్రీ సంగీతంతో కొత్త ఆల్బం తెచ్చాడు. ఆ జులైకి 85 నిండాయి, ఆ ఏడు కూడా టూర్లు చేశాడు. 1964 ఫిబ్రవరి 9న ఎడ్ సలివన్ షోలో బీటిల్స్‌ని చూసిన 7 కోట్ల 30 లక్షల మంది అమెరికన్లలో ఎంతమంది పిల్లలు మర్నాడు ఇంట్లో డ్రమ్ సెట్ కొనమని పేచీ పెట్టుంటారో ఊహించండి. 

ఇంత చెప్పినా "అయినా సరే" అనేవాళ్ళు ఉంటారని తెలుసు. వాళ్ళకొక చిన్న పని. 1966లో 'పేపర్‌బ్యాక్ రైటర్' రికార్డుకి వెనకవైపు వచ్చిన 'రెయిన్' అనే పాట ఉంది. తన వాయింపులో తనకే ఆశ్చర్యం కలిగించేది అదని రింగో చెప్పుకుంటాడు. తాళం ట్రాకుని అసలు వేగంగా వాయించి రికార్డు చేసి, తరవాత టేపుని నెమ్మది చేశారు. అందుకే అందులో డ్రమ్ములు బరువుగా, నీళ్ళలో మోగినట్టు ఉంటాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. లెనన్ గొంతు వినొద్దు, గిటార్లు వినొద్దు. మూడు నిమిషాల పాట ఆ స్నేర్, ఆ హై-హ్యాట్ ఏం చేస్తున్నాయో అది మాత్రం వినండి. ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ ఆగాల్సింది ఆగట్లేదో చూడండి. అది అయ్యాక రండి, అదృష్టం గురించి మాట్లాడుకుందాం.